టెగ్వెన్ వెనక్కి తెచ్చిన రాళ్లు

మా బ్లైన్‌గారెగ్ లోయలో టెగ్వెన్ ప్రాసర్ ఉత్తరాలు పంచినన్నాళ్లూ కొండ మీది ఇళ్లకు పాత పట్టాల దారినే నడిచేది. మా ముత్తాతల కాలంలో గుర్రాలు ఆ దారిన సున్నపురాయి బండ్లను లాక్కెళ్లేవి. ఇనుప పట్టాలు ఎప్పుడో పోయాయి. వాటిని బిగించిన రాతి దిమ్మలు మాత్రం, మేకు దిగిన చిల్లులతో, గడ్డిలో వరసగా మిగిలాయి. ఆ వరసలోనూ పళ్లూడినట్టు ఖాళీలే. ఎవరికి రాయి కావాలన్నా అక్కణ్ణుంచే తెచ్చుకునేవారు.

రిటైరైన ఏడాది టెగ్వెన్ పోయిన ఆ దిమ్మలన్నీ మళ్లీ దారిలోకి వెనక్కి తెస్తానని బయల్దేరింది. గడప ముందు మెట్టుగా వేసుకున్నవాళ్లను కూడా వదల్లేదు. చాలామంది నవ్వుతూనే ఇచ్చారు. మొండికేసింది పక్కింటి ఎమ్రిస్ బెవన్ ఒక్కడే. భార్య పోయాక అతనికి ఉల్లికాడల తోటే లోకం. వాటిని ఏటా ఊళ్లో జరిగే కూరగాయల పోటీకి పెట్టేవాడు.

“నీ తోట గట్టంతా ఆ దిమ్మలే ఎమ్రిస్. ఇచ్చెయ్.”

“ఇస్తాలే. ముందు నీ పందుల కొట్టం చూసుకుని రా.”

“దానికేం? మా తాత కట్టింది.”

“అదే చెప్తున్నా. మీ తాత రాళ్లెక్కడ కొన్నాడో ఎప్పుడైనా అడిగావా?”

టెగ్వెన్ వెళ్లి గోడ మీది నాచు గీకింది. ఎక్కడ గీకినా చిల్లే. నవ్వాపుకోలేక బురదలోనే చతికిలపడింది. మర్నాడు పొద్దున్నే గునపం పట్టుకుంది. చప్పుడు విని ఎమ్రిస్ పరుగెత్తుకొచ్చాడు.

“నిజంగానే పడగొట్టేస్తున్నావా? మరి పందినెక్కడ పెడతావ్?”

“నీ పెరట్లో. మాట అన్నది నువ్వేగా.”

“నా ఉల్లికాడలు ముట్టుకుంటే మాత్రం కూరొండేస్తా.”

“పందినా, నన్నా?”

“ఇద్దర్లో ఎవరు ముందు తింటే వాళ్లని.”

పందే తినేసింది, అదీ పోటీకి వారం ముందు. అతను కూర వండలేదు. ఆ ఏడు పోటీకి వెళ్లడం మానేసి తన గట్టు కూడా విప్పి, ఆమెతో కలిసి దిమ్మలు దొర్లించాడు. పందికి మేత పెట్టే వంకతో ఆమె రోజూ అతని పెరట్లోకి వెళ్లేది. మేత వేశాక టీ తాగేది. టీ అయ్యాక కూడా లేచేది కాదు.

మరుసటి ఏడాది వాళ్ల పెళ్లయింది. చర్చి నుంచి ఆ దారినే నడిచి వస్తుంటే తడి దిమ్మ మీద ఆమె కొత్త బూటు జారింది. పట్టుకోబోయి అతనూ కూలబడ్డాడు. వెనక వస్తున్న మేమంతా ఆగిపోయాం. ఇద్దరూ లేవలేదు. కేకు అక్కడికే తెమ్మన్నారు.