గడప దాటిన షరతు

నెరిస్ ప్రాబర్ట్ గొంతుకి ఆ లోయలో జడవనివాళ్లు లేరు. కుట్టు ఫ్యాక్టరీలో పాతికేళ్లు ఆడవాళ్ల లోదుస్తులు కుట్టిన మనిషి. మిషన్ల హోరులో అరిచి మాట్లాడటం అలవాటైపోయింది. ఫ్యాక్టరీ మూతబడ్డా గొంతు మాత్రం మూతబడలేదు. ఆవిడ చాపెల్‌లో మనసులో ప్రార్థించుకున్నా పక్కవీధికి వినపడుతుందని తమ్ముడు వెక్కిరించేవాడు.

ఫ్యాక్టరీ పోయిన ఏడే తండ్రి మంచాన పడ్డాడు. వేల్స్ బొగ్గుగనుల్లో పనిచేసిన చాలామందిలాగే ఆయనా కడదాకా ఊపిరితిత్తుల నిండా దుమ్ము మోశాడు. ఆయనకు ఒళ్లు తుడవడం, తినిపించడం, దగ్గు తెర వచ్చినప్పుడు వీపు నిమురుతూ కూర్చోవడం, అన్నీ నెరిసే చేసింది. ఆయన పోయాక ఖాళీ ఇంట్లో గోడలు చూస్తూ ఉండలేకపోయింది. చేసిన పనే మళ్లీ చేద్దామని, వైకల్యం ఉన్న పిల్లల్ని ఇళ్లకు వెళ్లి చూసుకునే కంపెనీలో చేరింది. జీతం ఇచ్చేది కంపెనీయే గాని డబ్బు మాత్రం కౌన్సిల్‌ది, అంటే జనం కట్టిన పన్నులది. ఏ ఇంటికి ఎవరిని పంపాలి, వెళ్లినవాళ్లు ఏం చేయాలి, ఏం చేయకూడదు అని కౌన్సిల్‌కీ కంపెనీకీ మధ్య ఒప్పందం ఉంటుందని నెరిస్‌కి తెలుసు. అందులో ఏముందో చదవాలని మాత్రం ఎప్పుడూ అనిపించలేదు. చదివించింది బెథాన్.

బెథాన్‌కి అప్పుడు పదకొండేళ్లు. కాళ్లూ చేతులూ చెప్పినమాట వినవు, మాట రాదు, అప్పుడప్పుడు ఫిట్స్ వస్తాయి. మాటల పని కళ్లే చేస్తాయి. పైకి చూస్తే అవును, కిందికి చూస్తే కాదు. ఇక మాట్లాడను పొమ్మంటే కళ్లు మూసుకుంటుంది. తల్లి కారిస్ బేకరీలో పనిచేస్తుంది. తండ్రి ఎప్పుడో వెళ్లిపోయాడు.

మొదటిరోజు నెరిస్ లోపలికి వస్తూనే, "ఏం కారియాడ్! వాన చూశావా? తడిసిన మేకపోతు బొచ్చులా ఉంది నా జుట్టు!" అని ఇల్లెగిరిపోయేలా పలకరించింది. కారియాడ్ అంటే వాళ్ల వెల్ష్ భాషలో బంగారం అని.

"దీనికి చెవులు బానే వినిపిస్తాయి, నెరిస్. కాస్త మెల్లగా..." అంది కారిస్.

బెథాన్ కళ్లు టక్కున కిందికి దిగాయి. కాదు. మెల్లగా వద్దు. కారిస్ తెల్లబోయింది. నెరిస్ తల వెనక్కి వేసి నవ్వితే, పిల్ల కూడా గొంతులోంచి కేరింతలాంటి శబ్దం చేసింది. అంతటితో వాళ్లిద్దరికీ జత కుదిరింది.

శనివారం మధ్యాహ్నాలు కారిస్ బేకరీలో ఉంటే నెరిస్ పిల్ల దగ్గర ఉండేది. ఆ వీధి చివరే రగ్బీ మైదానం. కిటికీ మూసినా జనం కేకలు ఇంట్లోకి దూసుకొచ్చేవి. కేక లేచినప్పుడల్లా బెథాన్ కళ్లు కిటికీవైపు తిరిగేవి. ఆట అయ్యేదాకా అటే ఉండేవి. నెరిస్ మొదట్లో చూసీ చూడనట్టు ఊరుకుంది. తర్వాత్తర్వాత ఆ చూపు మనసులో ముల్లులా గుచ్చుకోసాగింది.

ఒక శనివారం వాన పడలేదు. ఆ లోయలో అదే పండగ.

"వెళ్దామా?" అంది నెరిస్.

బెథాన్ కళ్లు పైకప్పుకి అంటుకుపోయాయి.

నెరిస్ బేకరీకి ఫోన్ చేసింది. "వెళ్లండి వెళ్లండి, చెవులమీదికి టోపీ లాగండి!" అంది కారిస్, అవతల కొనేవాళ్ల గోలలోంచి. ఫిట్స్ వస్తే బుగ్గలోపల వేయాల్సిన మందు నెరిస్ జేబులో వేసుకుంది. చక్రాల కుర్చీ తోసుకుంటూ బయల్దేరింది.

మైదానం అంచున బురదలో చక్రం కూరుకుపోయింది. బీరు గ్లాసులు పక్కన పెట్టి నలుగురు పెద్దమనుషులు వచ్చారు. కుర్చీని పల్లకీలా ఎత్తి, గీత పక్కనే, అందరికంటే మంచి చోట దించారు. ఆటగాళ్లు ఒకరిమీద ఒకరు పడి దొర్లుతుంటే బురద చిమ్మి బెథాన్ బుగ్గమీద పడింది. తుడవబోతే కళ్లు కిందికి దించింది. ఉంచమంది. రిఫరీ ఏదో తప్పు పట్టాడు. నెరిస్ లేచి, "కళ్లజోడు ఇంట్లో మర్చిపోయొచ్చావా నాయనా!" అని అరిచింది. మైదానమంతా నవ్వింది. బెథాన్ అయితే నవ్వి నవ్వి ఎక్కిళ్లు పెట్టింది.

క్లబ్బువాళ్లు వాళ్లిద్దర్నీ ఫొటో తీసి ఊరందరి ఫోన్లకీ పంపారు. సోమవారం కంపెనీ సూపర్‌వైజర్ డెలిత్ పిలిపించింది.

"ఎవరు వెళ్లమన్నారు నిన్ను?"

"పిల్ల."

"నెరిస్!"

"వాళ్లమ్మ కూడా."

"వాళ్లిద్దరూ చెబితే చాలదమ్మా. సేవలు ఇంటి లోపల మాత్రమే అని ఒప్పందంలో ఉంది. గడప దాటాక ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు. రేపు కౌన్సిల్ వాళ్లు అడిగితే ఏం చెప్పమంటావు?"

"మనమే గెలిచామని చెప్పు."

డెలిత్‌కి నవ్వాగలేదు. నవ్వుతూనే సస్పెండ్ చేసింది. విచారణ అయ్యేదాకా ఏ ఇంటికీ వెళ్లకూడదంది.

నెరిస్ బదులు రోజుకొకరు రాసాగారు. చెడ్డవాళ్లేం కాదు. కొత్తవాళ్లు, హడావుడిలో ఉన్నవాళ్లు. పిల్ల కళ్లు ఏం చెబుతున్నాయో చూసే తీరిక లేక టీవీ పెట్టి పక్కన కూర్చునేవారు. రెండు వారాలయ్యేసరికి, వాళ్లు రాగానే బెథాన్ కళ్లు మూసుకోవడం మొదలుపెట్టింది. కారిస్ ఒకరోజు సెలవు పెట్టి, కూతుర్ని బస్సెక్కించి నేరుగా కౌన్సిల్ ఆఫీసుకి వెళ్లింది.

"ఇంటి లోపల మాత్రమే అని రాసిన మనిషి ఎవరో నాకు కనపడాలి," అంది రిసెప్షన్ బల్ల దగ్గర.

కాసేపటికి ఒక సన్నపాటి మనిషి మెట్లు దిగి వచ్చాడు. సైకిల్ చెయిన్‌లో పడకుండా ప్యాంటు కాలికి పెట్టుకున్న క్లిప్పు తీయడం మర్చిపోయినట్టున్నాడు. పేరు గెథిన్ రీస్. పిల్లల సేవల ఒప్పందాలు చూసేది ఆయనే.

"నేనే రాశాను," అన్నాడు. కారిస్ కడిగేయడానికి సిద్ధపడేలోపే బెథాన్ ముందు వంగి పలకరించాడు. తర్వాత అన్నాడు: "ఈ ఒప్పందం గడువు వసంతానికి అయిపోతుంది. కొత్తది రాస్తున్నాం. బుధవారం లైబ్రరీ మేడమీద తల్లిదండ్రుల్ని పిలిచాం. రండి. ఫొటోలో ఉన్న ఆ నెరిస్ అనే ఆవిణ్ణి కూడా తీసుకురండి."

"ఆవిడ సస్పెన్షన్‌లో ఉంది."

"సస్పెన్షన్‌లో ఉన్నవాళ్లు లైబ్రరీకి రాకూడదని నేనెక్కడా రాయలేదే."

బుధవారం నెరిస్ కత్తి నూరుకుని వచ్చింది. గెథిన్ మాట మొదలుపెట్టకముందే లేచింది. "ఖైదీలక్కూడా రోజూ కాసేపు ఆరుబయట తిరగనిస్తారు. ఈ పిల్ల ఏం నేరం చేసింది?" అంది. తల్లిదండ్రులు బల్లలు చరిచారు.

గెథిన్ చప్పుడు తగ్గేదాకా ఆగాడు. "మొదట్లో ఆ షరతు లేదు," అన్నాడు. "ఒక ఇంట్లో పిల్లాణ్ణి చూసుకునే అమ్మాయి, మంచి అమ్మాయే, వాణ్ణి పార్కుకి తీసుకెళ్లింది. అక్కడ ఫిట్స్ వచ్చాయి. మందు ఇంట్లో వంటగది అరలో ఉండిపోయింది. అంబులెన్స్ వచ్చేసరికి ఆలస్యమైంది. వాళ్లమ్మ ఇదే గదిలో నన్నడిగింది, బయటికి తీసుకెళ్లేటప్పుడు ఏం చేయాలో మీ కాగితాల్లో ఎందుకు లేదని. అందుకే రాశాను."

నెరిస్ కోపం ఎటు పోయిందో పోయింది. తను కుర్చీ తోసుకుంటూ గుమ్మం దాటిన క్షణం గుర్తొచ్చి చెయ్యి తెలియకుండానే కోటు జేబు మీదికి వెళ్లింది.

"ఆ పిల్లాడు..." అంది.

"ఉన్నాడు. బడికెళ్తున్నాడు. మాటే కొంచెం పోయింది."

"నా జేబులో మందుంది ఆరోజు," అంది నెరిస్, మొదటిసారిగా గొంతు తగ్గించి.

"ఉండే ఉంటుంది. కానీ ఒప్పందం మీ ఒక్కరికోసం రాసింది కాదు, నెరిస్. జేబు తడుముకోవడం మర్చిపోయేవాళ్ల కోసం."

నెరిస్ బల్ల మీదికి వంగింది. "అయితే జేబు తడుముకోమని రాయండి. తలుపు గడియ పెట్టమని ఎందుకు రాశారు?"

గెథిన్ కలం చేతిలోకి తీసుకున్నాడు. నిజానికి ఆయనకూ ఆ షరతు మీద మనసు లేదని, అంతకంటే మంచిమాట తోచక దాన్నే పట్టుకు వేలాడుతున్నాడని ఆ సాయంత్రం అందరికీ అర్థమైంది.

చలికాలమంతా ఆ గదిలో టీ కాగుతూనే ఉంది. ఒకరు వెల్ష్ కేకులు కాల్చి తెచ్చేవారు, ఇంకొకరు పోట్లాట తెచ్చేవారు. "ఇంటి లోపల" అన్నచోట "పిల్ల ఎక్కడుంటే అక్కడ" అని వచ్చింది. దాని వెంట బాధ్యతలూ వచ్చాయి. ఏ పిల్లని ఎక్కడికి, ఎలా తీసుకెళ్లాలో ముందే తల్లిదండ్రులతో కూర్చుని అనుకోవాలి. మందుల సంచి లేకుండా బయల్దేరకూడదు. ఫిట్స్ వస్తే ఏం చేయాలో నేర్చుకోనివాళ్లు వెంట వెళ్లకూడదు. ఈలోగా డెలిత్ విచారణ ముగించి, నెరిస్‌కి ఒక హెచ్చరిక ఇచ్చి పనిలోకి తీసుకుంది. బెథాన్ కళ్లు తెరిచింది.

కారిస్ మాత్రం ఇంకోటి అడిగింది. "మా పిల్ల ఒంటిమీద చెయ్యి వేసేవాళ్లని ఎంచుకునేటప్పుడు దాన్నెవరూ అడగరేం?" డబ్బు వ్యవహారాలు చూసే ఆవిడ అది కుదరదంది, మనుషులే దొరకడం లేదంది. అదీ నిజమే. చివరికి ఇద్దరూ చెరో మెట్టు దిగారు. ముందుగా పరిచయం లేని మనిషి ఏ పిల్ల దగ్గరికీ పనికి రాకూడదు. సేవల కోసం పోటీపడే కంపెనీలకు మార్కులు వేసే బల్ల దగ్గర పిల్లలు కూడా కూర్చోవాలి.

అలా బెథాన్ ఒక పరీక్షాధికారి అయింది. కంటిచూపుతో అక్షరాలు ఎంచితే పలికే యంత్రం అప్పుడే బడిలో ఇచ్చారు. దాంతో ఒక్క ప్రశ్న తయారుచేసుకోవడానికి ఆ పిల్లకు వారం పట్టింది. నెరిస్ అప్పటికే పనిచేస్తున్న కంపెనీ మనిషి కాబట్టి ఆమెను లోపలికి రానివ్వలేదు. వరండాలో కూర్చుని గోళ్లు కొరుక్కుంది.

మొదటి కంపెనీ నుంచి వచ్చినాయన బూట్లు అద్దాల్లా మెరుస్తున్నాయి. గోడమీద ప్రొజెక్టర్‌తో రంగురంగుల బొమ్మలు వేసి చూపించాడు. బెథాన్ యంత్రం పలికింది: "నేను వద్దంటే ఏం చేస్తారు?"

ఆయన కారిస్ వైపు తిరిగి చిరునవ్వు నవ్వాడు. "మీ అమ్మాయిని మెల్లగా ఒప్పిస్తాం, మేడమ్."

బెథాన్ కళ్లు మూసుకుంది.

రెండో కంపెనీ నుంచి వచ్చినావిడకు జలుబు. కాగితాలు కింద పడేసుకుంది, ఏరుకుంది, వాటిని పక్కన పెట్టి, "నేనెక్కడ కూర్చుంటే నీకు బాగా కనిపిస్తాను?" అని బెథాన్‌నే అడిగింది. జవాబు కోసం ఆగింది. అదే ప్రశ్న ఆవిడకూ వచ్చింది.

"ఎందుకు వద్దో అడుగుతాను. నువ్వు చెప్పేదాకా ఉంటాను," అంది. కాస్త తటపటాయించి, "మందు విషయమైతే మాత్రం మీ అమ్మని పిలుస్తాను. అక్కడ నీ మాట ఒక్కటే నెగ్గదు. అబద్ధం చెప్పడం నాకిష్టం లేదు," అని కలిపింది.

గెథిన్ బెథాన్‌ని చూశాడు. కళ్లు పైకి. చాలాసేపు పైకే.

బెథాన్ మార్కులతో పాటు మిగతావాళ్ల మార్కులూ కలిసి ఆవిడ కంపెనీకే పని దక్కింది. పనిచేసేవాళ్లు పనితోపాటే కొత్త కంపెనీకి మారతారు కాబట్టి నెరిస్ కోటు మీద బ్యాడ్జి మారింది, ఇళ్లు మారలేదు.

అన్నీ చక్కబడ్డాయనుకోకూడదు. గంటలు పెరగలేదు. మనిషి దొరక్క కొండమీది రెండు కుటుంబాలు ఎదురుచూస్తూనే ఉన్నాయి. జ్వరాల కాలంలో బయటికి వెళ్లడం ఎన్నోసార్లు ఆగిపోయింది. అలాంటప్పుడు కారిస్ ఫోన్ చేసి తిడుతుంది, గెథిన్ వింటాడు, ఒక్కోసారి ఏదో ఒకటి చేయగలుగుతాడు. కానీ ఆ లోయలో చక్రాల కుర్చీలు వీధిలో కనిపించడం మొదలైంది. సంతలో, స్విమ్మింగ్ పూల్‌లో, చిప్స్ దుకాణం ముందు వరసలో. దుకాణం వాళ్లు గుమ్మానికి వాలుబల్ల వేశారు.

బెథాన్‌కి పద్నాలుగేళ్లు వచ్చాక ఒక కబురు వచ్చింది. శుక్రవారం సాయంత్రాలు తనకి నెరిస్ వద్దట. ఫియోన్ కావాలట. అదే కంపెనీలో పనిచేసే ఇరవై రెండేళ్ల పిల్ల, వంకాయరంగు జుట్టు. మేనేజరు ఆ మాట ఎంత మెత్తగా చెప్పినా నెరిస్ తట్టుకోలేకపోయింది. మర్నాడు నేరుగా బెథాన్‌నే అడిగింది.

"నావల్ల ఏదన్నా తప్పయిందా, కారియాడ్?"

కళ్లు కిందికి. కాదు.

"మరి?"

యంత్రం మీద చూపు అటూ ఇటూ తిరిగింది. "శుక్రవారం డాన్స్. నీ మోకాళ్లు."

"నా మోకాళ్లకేమొచ్చింది!" అంది నెరిస్. లేచి నిలబడబోయి సోఫా చెయ్యి పట్టుకుంది. కారిస్ వంటింట్లోంచి పగలబడి నవ్వింది. నెరిస్ కళ్లు తుడుచుకుంది. నవ్వుకో, ఇంకెందుకో. పద్నాలుగేళ్ల పిల్ల డాన్స్‌కి వెళ్తూ అరవై ఏళ్ల మనిషిని వెంటేసుకుపోవాలని ఎందుకనుకుంటుంది?

ఆ ఖాళీ శుక్రవారాల్లో ఆమెను కొండమీద ఎదురుచూస్తున్న కుటుంబాల్లో ఒకదానికి పంపారు. మూడేళ్ల బాబు, ముక్కులో గొట్టం. తల్లికి పాతికేళ్లు ఉంటాయేమో. బాబు పుట్టాక ఆస్పత్రికి తప్ప ఇంకెక్కడికీ తీసుకెళ్లలేదంది. కర్టెన్లు కూడా సగమే తెరిచి ఉన్నాయి.

"బయటికి తీసుకెళ్లొచ్చని కాగితంలో ఉందటగా," అంది ఆ అమ్మాయి భయంభయంగా. "ఇవాళే వెళ్లాలా?"

"ఎవరు వెళ్లమన్నారు?" అంది నెరిస్. కోటు విప్పి కుర్చీకి తగిలించింది. "ముందు టీ పెట్టు. వీడికేమిష్టమో, దేనికి ఏడుస్తాడో, గొట్టం జారితే నువ్వేం చేస్తావో అన్నీ నాకు నేర్పు. తొందరేముంది? వచ్చే శుక్రవారం కిటికీ దాకా వెళ్దాం."

ఆ అమ్మాయి కెటిల్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. నెరిస్ బాబు పక్కన నేలమీద చతికిలబడి వాడి కళ్లలోకి చూసింది. వాడు అవును ఎలా చెబుతాడో, కాదు ఎలా చెబుతాడో ఇంకా తెలియదు.