లాగ్‌లో ఉన్న పేరు

2022, పెళ్లిళ్ల సీజన్. బేగంబజార్‌లో ఒక స్టీలు గిన్నెల హోల్‌సేల్ దుకాణం. కింద గోదాము, ఇరుకు మెట్లెక్కితే పైన ఆఫీసు. మాదన్నపేట నుంచి బండి మీద వెళ్లి అలాంటి దుకాణాల కంప్యూటర్లు చూసుకోవడం నా పని. అంతకు ముందు ఏడాది ఆ దుకాణానికి కొలాబొరేషన్ సాఫ్ట్‌వేర్ పెట్టింది నేనే. అంటే అందరి మాటలు, ఫొటోలు, ఆర్డర్లు ఒకేచోట ఉండే ఏర్పాటు. అందులో ఎవరు ఏది చూడొచ్చో, ఎవరు ఏది చెరపొచ్చో తేల్చే అధికారం అడ్మిన్‌ది.

ఆ అడ్మిన్ సుజాతక్క, పదిహేడేళ్లుగా అక్కడ గుమాస్తా. ప్రతి గిన్నెనూ కిటికీ వెలుగులో పెట్టి ఫొటో తీసి, నంబరు వేసి, ఏ ఊరి వ్యాపారికి ఏ రకం నచ్చుతుందో కింద రాసేది. జిల్లాల వాళ్లు ఆ ఫొటోలు చూసే ఆర్డర్ ఇచ్చేవారు. ఆ ఫొటోల ఫోల్డరే దుకాణానికి ప్రాణం.

అది పెట్టిన మొదటి రోజు నేను మనిషికో ఐడీ చేస్తానన్నాను. దుకాణం యజమాని సేఠ్ నవ్వాడు.

"మన ఇంట్ల మనకే తాళాలేంది భాయ్? గోదాము చెవులే గోడకు ఏలాడుతున్నయ్."

నిజమే, గోదాము తాళంచెవులు అందరి చేతికీ అందే మేకుకు ఉండేవి. సుజాతక్క ఐడీ, పాస్‌వర్డ్ ఒక అట్టముక్క మీద రాసి అదే మేకుకు తగిలించారు. సేఠ్ ట్యాబ్‌లో, ఆయన తమ్ముడి ఫోన్‌లో, కౌంటర్ కంప్యూటర్‌లో, అన్నిట్లో ఆమె పేరే. ఆమె ఒక్కతే అడిగింది.

"తమ్మీ, ఎవరేం చేసినా నా పేరే పడ్తదా?"

"పడ్తది గని ఏం కాదక్కా. అందరు మనోళ్లే గద."

ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ పెళ్లిళ్ల సీజన్‌లో ఒక పొద్దున సేఠ్ ఫోన్ చేశాడు. ఫోల్డర్ మాయమైంది. వెళ్లి చూస్తే ట్రాష్ కూడా ఖాళీ. చెరిపినవి కొన్నాళ్లు దాగి ఉండే బుట్ట అది, దాన్నీ ఊడ్చేశారంటే ఇక తిరిగి రావు. నేను ఆడిట్ లాగ్ తెరిచాను. ఎవరు ఎప్పుడు ఏం చేశారో సాఫ్ట్‌వేర్ తనంతట తాను రాసుకునే చిట్టా. సేఠ్, తమ్ముడు, సుజాతక్క, మిగతా గుమాస్తాలు నా వెనక నిలబడ్డారు.

"ఎవరి పేరుంది?" అన్నాడు సేఠ్.

"సుజాతక్కది. నిన్న సాయంత్రం ఏడింటికి."

"ఏడింటికి నేను బస్సుల ఉన్న సేఠ్ సాబ్."

"ఫోన్ల నుంచి చెయ్యరాదా? మిషిన్ అబద్ధం చెప్తదా?"

లాగ్‌ను పక్కకు జరిపితే ఇంకో గడి ఉంటుంది, ఏ పరికరం నుంచి చేశారో చెప్పేది. జరిపాను. సేఠ్ ట్యాబ్ అని ఉంది. చప్పున వెనక్కి జరిపేశాను. అంతమందిలో పెద్దాయన పరువు తీయడమెందుకు, తర్వాత ఒంటరిగా చెబుదాం అనుకున్నాను. చాలాకాలం నాకు నేను చెప్పుకున్న కథ అది. ఆ బజార్‌లో నాకు దొరికిన దుకాణాలన్నీ ఆయన మాట మీద దొరికినవే. భయపడ్డాను, అంతే.

సుజాతక్క నా చేతి వంక చూసింది, తర్వాత నా మొహం వంక.

"అండ్ల ఇంకేం లేదా తమ్మీ?"

"గంతే అక్కా."

"రేపటి సంది రాకు" అన్నాడు సేఠ్. ఆమె టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

మధ్యాహ్నం సేఠ్ ఒక్కడే ఉన్నప్పుడు ట్యాబ్ సంగతి చెప్పాను. ఆయన ఉలిక్కిపడలేదు.

"ట్యాబ్‌ల జాగ నిండిందని ఎర్ర గీత వచ్చింది. మనవరాలి ఫొటోలు పడ్తలేవు. ఏదో నొక్కిన, బుట్ట గూడ ఊడ్చిన." ట్యాబ్ బోర్లా పెట్టాడు. "ఇప్పుడు అందరి ముంగట అన్న మాట వాపస్ తీసుకోవాల్నా? ఛోడో భాయ్, లొల్లి చెయ్యకు."

చాయ్ తెప్పించాడు. నేను తాగాను.

ఆ తర్వాత ఎక్కడ పనిచేసినా మనిషికో ఐడీ చేయందే కుర్చీలోంచి లేవలేదు. నాకు బుద్ధి వచ్చింది, పని పోయింది మాత్రం సుజాతక్కకు.

పోయినేడాది పాతబస్తీలో ఒక గాజుల దుకాణం వాళ్లు ఇదే పనికి పిలిచారు. వెళ్తే కౌంటర్ వెనక సుజాతక్క. "ఈమెకే అన్నీ తెలుసు, ఈమెనే అడ్మిన్ చెయ్యి" అన్నాడు యజమాని. నాకు సంతోషమేసింది. చేసిన తప్పు కొంతైనా దిద్దుకోవచ్చనిపించింది.

"ఈసారి నీ ఐడీ నీ ఒక్కదానికే అక్కా. తెరిచేటప్పుడు కోడ్ నీ ఫోన్‌కే వస్తది. ఇంకొకల చేతుల పడదు."

ఆమె గాజుల పెట్టెలు సర్దుతూనే ఉంది.

"వద్దు తమ్మీ. ఉత్తగ చూసేటట్టు పెట్టు, చాలు. దేన్నీ ముట్టుకునేది లేకుండ."

"అక్కా, ఆ దినం..."

"నువ్వు పక్కకు జరిపి మళ్ల ఎనకకు తెచ్చింది నేను చూసిన."

ఇంకో పెట్టె అందుకుంది. ఆమె అడిగినట్టే వ్యూయర్ హక్కు ఇచ్చాను. వ్యూయర్ అంటే అన్నీ చూడొచ్చు, ఏదీ మార్చడానికి ఉండదు. ఆ రోజు బేగంబజార్‌లో అన్ని హక్కులూ నా చేతిలో ఉండి కూడా నేను చేసింది అంతే, చూశాను.