తూలే నడకల గుమాస్తా

ఆ కాలంలో కరీంనగర్‌లో నెలజీతం కొలువు దొరికితే చాలు, ఏం కొలువని ఎవరూ అడిగేవారు కాదు. అడగకపోవడమే నాకు మేలైంది, ఎందుకంటే నా కొలువేమిటో వివరించడం నాకే చేతనయ్యేది కాదు. మెట్రిక్ గట్టెక్కిన మరుసటి ఏడు ఒక మిషన్ ఆస్పత్రిలో గుమాస్తాగా చేరాను. డాక్టర్లు కాగితం మీద రోగం సంగతి రాస్తారు. నేను ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకంలో వెతికి ఆ రోగానికి ఉన్న నంబరు పక్కన వేయాలి. అంతే పని. మా అవ్వ మాత్రం వాడకట్టంతా తిరిగి, తన కొడుకు ఆస్పత్రిలో రోగాలకు లెక్కలు చెబుతాడని చాటింది (దాంతో ఇద్దరు ముసలివాళ్లు తమ దగ్గు చూపించుకోవడానికి ఇంటికే వచ్చారు).

జ్వరాలతో, గజ్జితో నాకు పేచీ లేదు. నన్ను ఏడిపించింది తూలే నడక. నడక తూలుతోందని కాగితంలో కనబడితే చాలు, తూలడానికి ఉన్న నంబరు వేసేసి చేతులు దులుపుకునేవాణ్ణి. మా డాక్టరమ్మ గుంటూరు వైపు ఆవిడ. కోపం వస్తే నన్ను "అయ్యా" అనేది. ఒకరోజు ఆ కాగితాలన్నీ తెచ్చి నా బల్ల మీద పడేసింది. "తూలడం రోగం కాదయ్యా. రోగం లోపలెక్కడో కూర్చుని మనిషిని తూలిస్తుంది. ముందు దాని నంబరు వెయ్యి. తూలడం సంగతి ఆ తర్వాత" అంది. చిన్నమెదడు చెడితే కాళ్లు ఎడంగా వేసి, పడవలో నిలబడ్డట్టు ఊగుతారనీ, వెన్నుపాము చెడితే నేలకేసి చూస్తూ పాదాలు టపటపా కొడతారనీ, కళ్లు మూయిస్తే పడిపోతారనీ ఓపిగ్గా చెప్పింది. విన్నది నా తలకెక్కదు, చేస్తేనే ఎక్కుతుంది. (ఎక్కాలు కూడా గంతులేస్తూనే నేర్చుకున్నాను.) అందుకని మధ్యాహ్నం రోగులు సద్దుమణిగాక, వెనక వరండాలో ఒక్కో నడకా నడిచి చూసుకోవడం మొదలుపెట్టాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు చొప్పదండి సంబంధం వచ్చింది. ఆ పిల్లను అంతకుముందు మా చర్చి సంఘాల కూటంలో చూశాను. పాట ఏదైనా అందరికన్నా అరక్షణం ముందే అందుకునేది. ఆ అరక్షణానికే నేను పడిపోయాను. ఆమె కాకపోతే అసలు పెళ్లే వద్దనుకునేదాకా వెళ్లింది వ్యవహారం (ఎవరితోనూ అనలేదు, అనే ధైర్యం ఎక్కడిది). వాళ్ల నాన్న అక్కడి సంఘపెద్ద. కల్లు వాసన తగిలిన ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టడని పేరు. ఆ పెద్దాయన పిల్లవాణ్ణి చెప్పాపెట్టకుండా చూడాలని ఒక మధ్యాహ్నం ఆస్పత్రికి వచ్చాడు. నేనప్పుడు చిన్నమెదడు మీద ఉన్నాను. చేతులు చాచి, కాళ్లు ఎడంగా వేసి, వరండా పొడవునా ఊగాను. తర్వాత వెన్నుపాముకు మారి, కళ్లు మూసుకుని, బల్ల మీద దభీమని కూలబడ్డాను. కళ్లు తెరిచేసరికి ఎవరిదో తెల్లపంచె గేటు దాటిపోతోంది.

సాయంత్రానికి పాస్టరయ్య చేత కబురొచ్చింది. పిల్లవాడు పట్టపగలే తాగుతున్నాడు, ఈ సంబంధం వద్దు అని. మా బాపు నా మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. ఉల్లిగడ్డ వాసన తప్ప ఏమీ దొరకలేదు.

"తాగకపోతె ఎందుకు ఊగినవ్‌రా?" అన్నాడు.

నంబర్ల కోసమని చెప్పాను. అంతకన్నా తాగడమే నయమన్నట్టు చూశాడు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది కానీ, ఏడిస్తే తాగినందుకే అనుకుంటారని ఆపుకున్నాను.

మర్నాడు డాక్టరమ్మతో చెబితే కళ్లద్దాలు తీసి తుడుచుకునేదాకా నవ్వింది. నవ్వడం అయ్యాక, పల్లెల్లో మందులివ్వడానికి వెళ్లే జీపులో నన్నూ ఎక్కించుకుని నేరుగా చొప్పదండిలో ఆ పెద్దాయన వాకిట్లో దింపింది. సుద్దముక్కతో వాకిలి గచ్చు మీద గీత గీసి, మా గుమాస్తా తాగడండీ, కావాలంటే దీని మీద నడిపించి చూసుకోండి అంది. నడవాల్సిందే. కానీ తలుపు చాటున ఆ పిల్ల నిలబడి ఉంది. నాకు తెలిసిన రోగిష్టి నడకలన్నీ కాళ్లలోకి ఒకేసారి దిగాయి. గీత ఒక దిక్కు, నేనొక దిక్కు.

"గిదా నడక? మనిషన్నోడు ఎట్ల నడుస్తడో చూడు" అంటూ పెద్దాయన లేచాడు.

నేలకేసి చూస్తూ, పాదాలు టపటపా కొడుతూ వచ్చాడు. డాక్టరమ్మ మొహంలో నవ్వు పోయింది. అలాగే నిలబడి ఒక్కసారి కళ్లు మూయమంది. మూశాడు. మూసీ మూయగానే ఊగి వచ్చి నా మీద పడ్డాడు. ఇద్దరం కలిసి గోడకు ఆనుకున్నాం.

ఆవిడ ఆయన నాలుకా, కనురెప్పల లోపలి వైపూ చూసింది. పెద్దాయన తల దించుకున్నాడు. "ఏడాదాయె డాక్టరమ్మా. చదును నేల మీద నెట్టుకొస్తున్న గని గెట్టు మీద నడుస్తలేను. చూసినోల్లు సంఘపెద్ద చాటుంగ తాగుతుండని అనుకుంటరని ఎవ్వలికి చెప్పలే" అన్నాడు. నేను ఒక్కరాత్రి మోయలేకపోయిన మాట అది. ఆయన దానికి జడిసి ఏడాదిగా తన పొలం గట్టునే ఎక్కడం మానేశాడు.

ఒంటబట్టాల్సిన విటమిన్ ఏదో పట్టక, రక్తం తగ్గి, వెన్నుపాము దెబ్బతిందట. సూదులతో నయమయ్యేదేనట. సూది కోసం వచ్చినప్పుడల్లా బస్టాండు నుంచి ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చే పని నాదే. ఆయన కాగితం మీద ముందు రక్తం జబ్బు నంబరు వేసి, దాని తర్వాతే తూలడం రాశాను. డాక్టరమ్మ నన్ను "అయ్యా" అనకుండా సంతకం పెట్టింది. నాట్ల కాలానికి ఆయన మళ్లీ గట్టెక్కాడు. పంట ఇంటికొచ్చాక మా పెళ్లయింది.

చాలా ఏళ్ల తర్వాత ఒకసారి అడిగాను మా ఆవిడను, గీత మీద నడవడం రానివాణ్ణి ఎలా ఒప్పుకున్నావని. చేటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండానే చెప్పింది.

"గీత మీద నడిచెటోల్లు మస్తుమంది ఉంటరు. మా బాపు పడుతుంటె ఉరికొచ్చి పట్టుకున్నది నువ్వే గదా."

నేనేం పట్టుకోలేదు. పక్కకు జరిగే వ్యవధి లేక ఆయనకూ గోడకూ మధ్య చిక్కుకుపోయాను. ఆ మాట చెబుదామనే నోరు తెరిచాను కానీ, ఆమె మొహం చూసి మూసుకున్నాను. ఇప్పటికీ మూసుకునే ఉన్నాను. అప్పటి నాలోని కుర్రవాడు ఆ రోజు ఇంకాస్త చురుగ్గా ఉండి తప్పుకుని ఉంటే నా బతుకు ఏమయ్యేదోనని అప్పుడప్పుడు తలచుకుని, వాడి మొద్దుతనానికి మనసులోనే దండం పెట్టుకుంటూ ఉంటాను.