అనంతమ్మ పేరున మొగులమ్మ

ఈ రోజు పొద్దున్న నేను ఇంట్లో ఉండి కూడా లేనని చెప్పించాను. వికారాబాద్‌లో మా ముందు గదిలో కూర్చుని పేపరు చదువుకుంటుంటే గేటు చప్పుడైంది. కిటికీ తెర సందులోంచి చూస్తే గేటు కడ్డీ మీద ఒక ఎడమ చెయ్యి కనిపించింది. చూపుడు వేలికీ నడిమి వేలికీ గోళ్లు లేవు, రెండూ చితికి వంకరగా ఒకదాని మీదికి ఒకటి ఒరిగి ఉన్నాయి. మొహం చూడాల్సిన అవసరం లేకపోయింది. పేపరు అక్కడే పడేసి లోపలి గదిలోకి పోయి, నేను లేనని చెప్పమని కోడలికి సైగ చేశాను.

తలుపు చాటు నుంచి అంతా వినబడుతూనే ఉంది.

“మామయ్య ఇంట్ల లేరమ్మా, ఊరికి పోయిన్రు.”

“ఎప్పుడొస్తడు బిడ్డా? నేనూ మా పిల్లా తాండూరు నుంచి పొద్దుగాల బండికి వచ్చినం. ఒక్క మాట రాసియ్యాలె. నా సంగతి గాయనకొక్కనికే ఎరుక.”

కోడలు తడబడి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. వాళ్లు వచ్చిన పని అడిగి తెలుసుకుంది. నీళ్లు తాగి వెళ్లబోతూ ఆమె గడప ముందు ఆగింది కాబోలు, “సారు చెప్పుల్లేకుండనే ఊరికి పోయిండా బిడ్డా?” అంది. కోపం లేదు ఆ గొంతులో. వెంట వచ్చిన కూతురు మాత్రం “పా అమ్మా, చెప్పులను అడిగితే చెప్తయా?” అని విసురుగా అంది. గేటు మూసుకున్న చాలా సేపటి దాకా నేను మంచం మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాను. కోడలు నా మొహం వైపు చూడకుండా వాళ్లు వచ్చిన పని చెప్పింది.

ఆమె పేరు మొగులమ్మ. తాండూరులో మున్సిపాలిటీ తరఫున వీధులు ఊడ్చే మనిషి. ఇప్పుడు కొత్త ఏజెన్సీ వచ్చి, రోజూ పొద్దున్న ఫోనులో మొహం చూపిస్తేనే హాజరు అంటున్నదట. అందుకు ముందుగా ఆధార్ కార్డు తీసుకుని పేరూ మొహమూ కలిపి నమోదు చేస్తున్నారట. జాబితాలో మొగులమ్మ అన్న పేరే లేదు. ఆమె పేరు ఉండాల్సిన చోట అనంతమ్మ అని ఉంది. అనంతమ్మ ఆమె తోటికోడలు, చనిపోయి ఇంకా రెండు నెలలు కాలేదు. ‘పోయిన మనిషి పేరు కొట్టేస్తున్నాం, నువ్వెవరో మాకు తెలియదు, తెలిసిన వాళ్లతో రాయించుకొని రా’ అని రేపటి దాకా గడువిచ్చారట. ఇన్నేళ్ల కొలువు రేపటితో పోతుంది. తెలిసిన వాడిని నేను. ఆ పేరు కింద ఈ మనిషిని నిలబెట్టిన వాడినీ నేనే.

నాలాగే మున్సిపల్ ఆఫీసుల్లో గుమాస్తా కొలువు చేసి దిగిపోయిన వాళ్లు ఇది చదువుతుంటే, పొద్దు పొడవక ముందు జరిగే ఆ హాజరు మీకు గుర్తుండే ఉంటుంది. నేను తాండూరులో పారిశుధ్య విభాగం చూసిన రోజుల్లో కూరగాయల మార్కెట్టు పక్కన చీపుర్లూ తోపుడు బండ్లూ ఉంచే రేకుల షెడ్డు ముందు అందరూ చేరేవాళ్లు. చలికాలంలో నోటి వెంట పొగలు వచ్చేవి. ఆడవాళ్లు కొంగులు తలకు చుట్టుకుని, కొందరు తెలుగులో, కొందరు కన్నడంలో మాట్లాడుకుంటూ నిలబడేవాళ్లు. నేను హాజరు పట్టీ తెరిచి పేరు పిలిస్తే “హాజర్ సారూ” అనాలి. పక్కనే జవాను, అంటే వాళ్ల పనిని అజమాయిషీ చేసే మనిషి, బీడీ ఆర్పేసి తలలు లెక్కపెట్టేవాడు. ఆ తర్వాత ఊరంతా చీపుర్ల చప్పుడు. నాపరాయి పాలిష్ చేసే షెడ్ల నుంచి వచ్చే తెల్లటి దుమ్ము తాండూరులో ఎంత ఊడ్చినా సాయంత్రానికి మళ్లీ పరుచుకునేది.

శాశ్వత కొలువుల్లోకి కొత్తవాళ్లను తీసుకోవడం ఆగిపోయి, ఊడ్చే పని కాంట్రాక్టరు చేతికి వెళ్లిన కాలం అది. కాంట్రాక్టర్లు మారుతుండేవాళ్లు, మనుషులు మాత్రం వాళ్లే. ఆమోదించిన జాబితాలో ఉన్న వాళ్లనే పనిలో పెట్టాలనీ, పై అనుమతి లేకుండా ఒక్క పేరూ చేర్చకూడదనీ, తీయకూడదనీ నిబంధన. దొంగ పేర్లు చొరబడకుండా పెట్టిన మంచి నిబంధనే అని ఇప్పటికీ అంటాను. కానీ ఊడ్చేవాళ్లలో దానికంటే పాతదైన ఒక అలవాటుండేది. ఒకరికి జ్వరం వస్తే ఆ రోజుకు చెల్లెలో కోడలో వచ్చి చీపురు పట్టేది. దాన్ని ‘బదలి’ అనేవాళ్లు. వీధి శుభ్రంగా ఉంటే చాలు గనక జవాను ఏమీ అనేవాడు కాదు, నేనూ హాజరు వేసేవాణ్ణి.

అనంతమ్మకు ఆయాసం మొదలైంది. దుమ్ము మింగీ మింగీ వచ్చిన ఆయాసం. తన బదులు తోటికోడలిని పంపింది. ఒక రోజు, ఒక వారం. నెల తిరిగేసరికి అనంతమ్మ ఇక లేచి రాబోదని అందరికీ అర్థమైంది. అప్పుడే నేను పేరు మార్పు కోసం పైకి రాయవలసింది. రాశాను కూడా. రాసి చదువుకుంటే, ‘గత నెల నుంచి’ అన్న మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. గత నెలంతా రాని మనిషికి హాజరు వేసింది ఎవరని అడిగితే నా సంతకమే జవాబు చెబుతుంది. ఆ కాగితాన్ని సొరుగులో పెట్టాను. తర్వాతి నెల పంపుదామంటే అది రెండు నెలల తప్పయింది. ఏడాది తిరిగాక ఇక ఆ సొరుగు తెరవాలంటేనే భయమేసేది. తీసి చింపేయడానికి కూడా ధైర్యం లేకపోయింది.

ఒక రోజు చెప్పాపెట్టకుండా పై అధికారి హాజరుకు వచ్చాడు. పట్టీ నా చేతిలోంచి తీసుకుని తనే పిలవడం మొదలుపెట్టాడు. “అనంతమ్మ” అన్నాడు. ఎవరూ పలకలేదు. మళ్లీ పిలిచాడు. మొగులమ్మ అమాయకంగా “ఆమె ఇంట్ల...” అని నోరు తెరిచింది. వెనక నిలబడ్డ ఒక ముసలామె చటుక్కున ఆమె వీపు మీద చరిచి, “ఏందే, పొద్దుగాలనే కల్లు తాగినవా? నీ పేరు నీకే యాదికి లేదా? ఇంట్ల మరిచి వచ్చినవా?” అని గట్టిగా అరిచింది. అందరూ గొల్లుమన్నారు. అధికారి కూడా నవ్వాడు. మొగులమ్మ తల వంచుకుని “హాజర్ సారూ” అంది. ఆ ముసలామె తర్వాత నా పక్కనుంచి పోతూ “నీ చెమట తుడుచుకో సారూ, చలికాలంల చెమటేంది?” అని గొణిగింది. మీకు చెబితే నవ్వు రావచ్చు. నాకు ఇవాళ్టికీ రాదు.

ఆ తర్వాత ప్రతి పొద్దూ, ఎవరి బండి చప్పుడైనా, అధికారే వచ్చాడనుకునేవాణ్ణి. మొగులమ్మ మాత్రం ఆ పేరుకు అలవాటు పడిపోయింది. షెడ్డు దగ్గర వెనక నుంచి ఎవరు అనంతమ్మా అని పిలిచినా తిరిగి చూసేది.

అన్నిటికంటే నన్ను తినేసేది వేరొకటి ఉంది. అది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఒక వానాకాలం ముందు మురుగు మోరీల పూడిక తీస్తున్నారు. మోరీ మీద మూసిన నాపరాయిని గడ్డపారతో లేపుతుంటే గడ్డపార జారింది, రాయి మొగులమ్మ ఎడమ చేతి మీద పడింది. ఆమెను ఆటోలో ఎక్కించి దవాఖానకు తీసుకుపోయాను. చెయ్యి చుట్టూ కట్టిన కొంగు తడిసి ముద్దయింది. చీటీ రాసే మనిషి పేరేమిటని అడిగాడు. నొప్పితో పళ్లు బిగించి ఉన్న ఆమె ఒక్క మాటే, “మొగులమ్మ” అంది. నేను ఆమె వైపు చూశాను. ఏమీ అనలేదు, చూశానంతే. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతుండగానే, చీటీ మనిషితో “కాదయ్యా... అనంతమ్మ అని రాయి” అంది.

ఆ చూపుకు ఎక్కడా రికార్డు లేదు. కాగితాల్లో చెయ్యి చితికింది అనంతమ్మకు. నేను మర్యాదగా పదవీ విరమణ చేసి, శాలువా కప్పించుకుని, వికారాబాద్ వచ్చి స్థిరపడ్డాను. ఎప్పుడైనా రైల్లో తాండూరు దాటవలసి వస్తే కిటికీ వైపు కూర్చునేవాణ్ణి కాను.

మధ్యాహ్నం అన్నం సహించలేదు. ఇప్పుడు ఒప్పుకుంటే పింఛను మీదికి వస్తుందేమో, విచారణకు పిలుస్తారేమో, ఈ వయసులో పేరు నలుగురి నోళ్లలో పడుతుందేమో అన్న ఆలోచనలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కోడలు వచ్చి, నా చెప్పులు గడప ముందు నుంచి తీసి లోపల పెట్టమంటారా అని మెల్లగా అడిగింది. అవే చెప్పులు వేసుకుని స్టేషనుకు నడిచాను. ధారూర్ స్టేషను దాటే దాకా, తిరుగు బండి పట్టుకోవడానికి ఎక్కడ దిగుదామా అనే చూశానని దాచడం దేనికి?

తాండూరు ఆఫీసు ముందు వరండా మెట్ల మీద తల్లీ కూతుళ్లు కూర్చునే ఉన్నారు. మొగులమ్మ నన్ను చూసి లేచి నిలబడింది. “ఊరి నుంచి జల్దీనే వచ్చినవ్ సారూ” అంది. కూతురు మొహం తిప్పుకుంది. తిట్టినా బాగుండేది. “ఊరికి పోలేదమ్మా, ఇంట్లోనే దాక్కున్నా” అన్నాను. ఆ మాట చెప్పాక రాయడం కొంచెం తేలికైంది.

అదే వరండాలో తెల్ల కాగితం మీద రాశాను. అనంతమ్మ మంచాన పడిన నాటి నుంచి ఆ పేరున పని చేసింది మొగులమ్మేననీ, తెలిసే హాజరు వేశాననీ, పేరు మార్పు కాగితం పైకి పంపకుండా ఆపింది నేనేననీ, చెయ్యి చితికింది ఈమెకేననీ, కావాలంటే ఆ వేళ్లు చూడవచ్చుననీ. తప్పు నాది, ఆమెది కాదని చివర రాసి సంతకం చేశాను. పాత హోదా, ఇప్పటి ఇంటి చిరునామా కూడా రాశాను.

ఇవ్వబోయే ముందు ఏం రాశానో మొగులమ్మ చదివి వినిపించమంది. మెట్ల మీద నిలబడి చదివాను. “మొగులమ్మ” అని పైకి చదివి, ఎందుకో తెలియదు, పాత అలవాటున ఆగాను. ఆమె నా వైపే చూస్తున్నది గానీ పలకలేదు. ఇన్నేళ్లలో నా నోటి వెంట ఆ పేరు ఆమె వినలేదు. కూతురు మోచేత్తో పొడిచి, “నిన్నే అమ్మా” అంది. అప్పుడు ఆమె కొంగు సర్దుకుని, చితికిన వేళ్లతో మెట్టు అంచు పట్టుకుని, “హాజర్ సారూ” అంది.

లోపల ఉన్న అధికారి, వయసు చూస్తే నా కొడుకు ఈడువాడు, కాగితం రెండుసార్లు చదివాడు. దీనికి ఏం జవాబు వస్తుందో చెప్పలేననీ, పై నుంచి వచ్చేదాకా ఆమె పేరు కొట్టేయకుండా ఆపుతాననీ, నన్ను మాత్రం విచారణకు పిలవవచ్చుననీ అన్నాడు. తలూపాను. ఆ కాగితం నకలు మీద అందినట్టు ముద్ర వేయించి మొగులమ్మ చేతికిచ్చాను.

తిరుగు బండిలో ఈసారి కిటికీ పక్కనే కూర్చున్నాను. రేకుల షెడ్డు తీసేశారట, ఇక పేర్ల పిలుపూ ఉండదట. ఒక్కొక్కరే ఫోను ముందు మొహం పెట్టి మాట్లాడకుండా చీపురు అందుకుంటారట. నాలాంటి గుమాస్తా తప్పు పేరు పిలవడానికి అక్కడ చోటు లేదు, మంచిదే. వీపు మీద చరిచి కాపాడే ఆ ముసలామెకూ చోటు లేదు. ఆ పొద్దుటి గొంతులన్నీ ఒక్కసారి వినాలనిపించింది. నాకు ఆ అర్హత ఉందో లేదో తెలియదు.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. భయం పోలేదు. ఇది రాస్తుంటే కూడా చెవులు గేటు వైపే ఉన్నాయి. చెప్పులు గడప ముందు విడిచి, కోడలిని పిలిచి చెప్పాను. రేపటి నుంచి నా కోసం ఎవరొచ్చినా, ఆఫీసు వాళ్లొచ్చినా సరే, ఇంట్లోనే ఉన్నానని చెప్పమన్నాను.