కారు బేరానికి పెద్దమనిషి

అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని నోవైలో తెలుగువాళ్ళు ఇల్లు కొనేటప్పుడు భార్య మాట వింటారు, పిల్లల్ని ఏ క్లాసులో చేర్చాలో పక్కింటివాళ్ళ మాట వింటారు, కారు కొనేటప్పుడు మాత్రం లక్ష్మీపతి మాట వింటారు. అతని ఉద్యోగం కారు సీట్ల కింద ఉండే పట్టాలు డిజైన్ చేయడం. సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుందే, ఆ పట్టాలు. దానికీ బేరానికీ ఏమిటి సంబంధమని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. కార్ల ఊళ్ళో కార్ల పని చేస్తున్నాడు, చాలదా?

పెళ్ళిసంబంధం మాట్లాడ్డానికి పెద్దమనిషిని వెంటబెట్టుకెళ్ళినట్టు అతన్ని తీసుకెళ్ళేవారు. బేరాలకని ఒక గోధుమరంగు కోటు విడిగా ఉంచుకున్నాడు. పద్ధతి ఒకటే. మూడుసార్లు లేచి తలుపుదాకా వెళ్తాడు. మూడోసారి తలుపు తెరుస్తాడు కూడా. మిషిగన్ చలి లోపలికి కొడుతుంది, సేల్స్ మేనేజర్ బ్రాడ్ వణుకుతూ "మిస్టర్ లక్ష్మీ, వన్ మినిట్" అంటాడు, ఇంకో ఐదొందలు తగ్గుతుంది. పదకొండేళ్ళుగా ఒకే డీలర్. ఇతను తోలుకొచ్చే జనానికి అలవాటుపడి, ఆ డీలర్ కాఫీ మిషన్ పక్కన గిన్నెలో నిమ్మకాయలు పెట్టడం మొదలుపెట్టాడు, కొత్త కారు చక్రాల కింద తొక్కించడానికి. వాటిని టీలో పిండుకుని తాగిన అమెరికన్లూ లేకపోలేదు.

బేరం కుదిరాక కొన్నవాడు లోన్ సంతకాలకి లోపలి గదిలోకి వెళ్తాడు. అక్కడికి లక్ష్మీపతి వెళ్ళడు. జీతం ఎంతో, అప్పులెన్నో, ఒకరి గుట్టు మనకెందుకన్నది అతని మర్యాద. ఆ గంటసేపూ బయట సోఫాలో కాఫీ తాగుతూ, కోట గెలిచినవాడిలా కూర్చుంటాడు. ఆ మర్యాదే కొంప ముంచింది.

జనవరిలో ఒక ఆదివారం ఫణి వచ్చాడు. వరంగల్ కుర్రాడు, ఏ చుట్టరికమూ లేదు. ఆరేళ్ళ కిందట చేతిలో రెండు సూట్‌కేసులతో దిగితే, లక్ష్మీపతి, అతని భార్య ఉమ నెలరోజులు ఇంట్లో పెట్టుకున్నారు. నిరుడు లక్ష్మీపతిని వెంటబెట్టుకెళ్ళి కారు కొన్నాడు. ఇన్సూరెన్స్ కాగితం కోసం కారు ఫోల్డర్ తిరగేస్తే, అందులో ఉండకూడని కాగితం ఒకటి దొరికింది.

"చూడన్నా, ఇదేంది?"

బ్యాంకు డీలర్‌కి పంపుకున్న కాగితం అది. పొరపాటున ఫోల్డర్‌లో ఉండిపోయింది. ఫణికి ఆరు పాయింట్ నాలుగు వడ్డీకి అప్పిస్తామని బ్యాంకు అందులో ఒప్పుకుంది. ఫణి సంతకం పెట్టింది ఎనిమిది పాయింట్ తొమ్మిదికి. మధ్యలో ఉన్న రెండున్నర శాతం, డీలర్ తనకోసం పైన వేసుకున్న కమిషన్. లక్ష్మీపతి క్యాలిక్యులేటర్ తీశాడు. లోన్ ఆరేళ్ళకీ కలిపి దాదాపు మూడు వేలు. ఆరోజు తను మూడుసార్లు తలుపుదాకా నడిచి తగ్గించింది రెండువేల మూడొందలు.

"దొంగవెధవలు!" అని లేచాడు. "కంప్లైంట్ పడేద్దాం."

"వద్దన్నా, నా గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌ల ఉంది. గవర్నమెంట్ ఫైల్‌ల మన పేరెందుకు?"

"నీ గ్రీన్ కార్డ్‌కీ కారు వడ్డీకీ ఏం సంబంధంరా? నేనున్నాగా."

రాష్ట్ర ప్రభుత్వ కన్స్యూమర్ ఆఫీసుకి ఫణి పేరుతో కంప్లైంట్ లక్ష్మీపతే టైప్ చేశాడు. 'నమ్మకద్రోహం' అన్నచోట మూడు ఇంగ్లీషు మాటలు మార్చి మార్చి చూసి, వాటిలో ఘాటైనది ఉంచాడు. డీలర్‌కి పంపాం, వాళ్ళ జవాబు వచ్చేదాకా ఆగండని ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఆగడం మనవాళ్ళకి కొత్తా? గ్రీన్ కార్డ్ కోసం పదిహేనేళ్ళుగా ఆగుతున్నవాళ్ళు వీధికి నలుగురున్నారు.

మొదటివారం బాగా గడిచింది. కబురు పాకి, ఆరు కుటుంబాలవాళ్ళు తమ ఫోల్డర్లు పట్టుకొచ్చారు. పిల్లల బాలవికాస్ క్లాసు బయట, బూట్లకంటిన మంచు దులుపుకుంటూ, "మన అజ్ఞానమే వాళ్ళ కమిషన్" అని లక్ష్మీపతి చెప్తుంటే అందరూ తలలూపారు.

రెండోవారం ఉమ చపాతీలు వత్తుతూ అంది.

"ఏవండీ, మనం ఎవర్నైనా తీసుకెళ్ళినప్పుడల్లా ఆ డీలర్ దగ్గర్నుంచి మనకి గిఫ్ట్ కార్డ్ వచ్చేది కదా. నూటయాభై డాలర్లది. అదేమిటి మరి?"

"అది గిఫ్టు. థాంక్యూ అన్నమాట."

"ఎవరికైనా చెప్పారా?"

"ఎవరూ అడగలేదుగా."

ఉమ చపాతీ తిరగేసింది. "వడ్డీ గురించి వాళ్ళూ అదే అంటారేమో చూడండి."

భార్య అన్నాక ఒక్కోసారి నోరు అదుపులో పెట్టుకోవాలి. ఉమ పెట్టుకోలేదు, ఇరవయ్యేడేళ్ళుగా పెట్టుకోలేదు. లక్ష్మీపతి వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాడు. పదిహేడు కార్లు, పదిహేడు కార్డులు. గరాజ్‌లో ఉన్న మంచు ఊడ్చే స్నో బ్లోయర్ వాటితోనే కొన్నాడు. నిజం చెప్పాలంటే, ఆ కార్డు కోసం అతను ఎవరితోనూ వెళ్ళలేదు. ఎవరూ ఏమీ ఇవ్వకపోయినా వెళ్ళేవాడే. కానీ కార్డు వచ్చినరోజు కవరు చించి జేబులో పెట్టుకున్నాడు, ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని తోచలేదా, చెప్పకూడదని తోచిందా? ఇప్పుడు ఎంత గింజుకున్నా తేలడంలేదు.

అంతకుముందు జవాబు ఎప్పుడొస్తుందా అని చూసినవాడు, అప్పట్నుంచి రాకపోతే బాగుండునని చూశాడు. డీలర్ తన లెక్కలన్నీ బయటపెడితే అందులో తన పేరు ఉండదా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఫోన్ మోగితే చాలు ఉలిక్కిపడేవాడు. అతని భయం రెండున్నరవేల డాలర్ల గురించి కాదు. ఈ ఊళ్ళో అతనికి పెద్ద ఇల్లు లేదు, పెద్ద పదవి లేదు. ఉన్నదల్లా ఫణిలాంటి పిల్లలు కళ్ళు మూసుకుని అతని వెంట నడవడమే. అది పోతే ఇంకేమీ మిగలదని అతనికి బాగా తెలుసు.

ఫణికి చెప్పేద్దామని రెండుసార్లు వెళ్ళాడు. ఒకసారి మంచు గురించి మాట్లాడి వచ్చేశాడు. రెండోసారి వాళ్ళ డిష్‌వాషర్ బాగుచేసి వచ్చేశాడు.

నాలుగో శనివారం పొద్దున్నే ఫణి లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చాడు.

"జవాబొచ్చిందన్నా! నవ్వొస్తది చూడు."

వడ్డీ ఎంతో కాగితంలో స్పష్టంగా ఉంది, కస్టమర్ చదివి సంతకం చేశారు, అని రాశాడు డీలర్. ఆ కిందే ఉంది అసలు ముక్క. కస్టమర్ తమవెంట అనుభవజ్ఞుడైన సలహాదారుణ్ణి తెచ్చుకున్నారు, కాబట్టి తెలియక మోసపోయారనడం కుదరదు.

"వాళ్ళ దొంగతనానికి నిన్ను అడ్డం పెడుతున్నరు!" ఫణికి నిజంగానే కోపంగా ఉంది. "మనం రిప్లై ఇయ్యాలె. నువ్వు టైప్ చెయ్యి, నేను చెప్త. ఆయన సలహాదారు కాదు, మా అన్న లెక్క. ప్రేమతోటి వచ్చిండు. ఎవరి దగ్గర ఒక్క డాలర్ కూడా తీస్కోలే. రాయన్నా."

లక్ష్మీపతి 'అన్న లెక్క' దాకా టైప్ చేశాడు. 'ప్రేమతో' కూడా చేశాడు. అక్కడ వేళ్ళు ఆగిపోయాయి. రాస్తే ఎవరికీ తెలియదు. డీలర్ ఆ కార్డుల సంగతి తనంతట తను చెప్పడు, చెప్తే వాడికే నష్టం. వంటింట్లో చప్పుడు ఆగింది. ఉమ వింటోందని తెలుసు.

"ఆ లైన్ వద్దురా," అన్నాడు. "తీసుకున్నాను."

మొత్తం చెప్పాడు. పదిహేడు కార్లు, నూటయాభై చొప్పున, ఫణి కారుకి వచ్చింది ఏ నెలలోనో కూడా. చెప్తున్నంతసేపూ కీబోర్డు వైపే చూశాడు.

ఫణి అడిగాడు.

"ఆరోజు లోన్ రూమ్‌లకి నన్నొక్కన్నే పంపింది గూడ అందుకేనా?"

"కాదురా! ఒట్టు. అక్కడ ఏం జరుగుతుందో నాకు తెలియదు. నేను బయట కాఫీ తాగుతున్నాను."

అది నిజం. కానీ నిజమని నమ్మించడానికి అతని దగ్గర ఏ కాగితమూ లేదు.

"అయితే అదే రాయండి," అన్నాడు ఫణి.

రాశాడు. ఆ సలహాదారుకి ప్రతి కారుకీ డీలరే డబ్బిచ్చేవాడని, ఆ సలహాదారు తనేనని, పేరు, ఫోన్ నంబరుతో సహా రాశాడు. గిఫ్ట్ కార్డు పంపామంటూ డీలర్ పెట్టిన ఈమెయిళ్ళు జతచేశాడు. ఉమ కాఫీ తెచ్చింది. ఫణి సగం తాగి వెళ్ళిపోయాడు.

మార్చిలో డీలర్ దిగొచ్చాడు. తప్పేమీ ఒప్పుకోకుండా, కేవలం కస్టమర్ సంతృప్తి కోసమంటూ, పైన వేసిన వడ్డీ మొత్తం తిరిగిచ్చాడు. మిగిలిన ఆరు కుటుంబాలవాళ్ళూ అదే దారిన కంప్లైంట్లు పెట్టారు. వాటితోపాటు లక్ష్మీపతి ఉత్తరం కాపీ ఊరంతా తిరిగింది. ఎవరూ అతన్ని ఒక్కమాట అనలేదు. తర్వాత దివాకర్ అనే అబ్బాయి కారు కొన్నాడని గుళ్ళో ఎవరో చెప్తే అతనికి తెలిసింది.

ఫణి మెసేజ్ ఆఫీసులో ఉండగా వచ్చింది. ఇంటికొచ్చి ఉమకి ఫోన్ ఇచ్చాడు. ఆమె పైకి చదివింది.

"లక్ష్మీపతి గారు, రీఫండ్ వచ్చింది. మీ లెటర్ వల్లే వచ్చింది. థాంక్యూ అండి."

"వచ్చేసిందిగా!" అంది ఉమ. "మీవల్లే అని కూడా రాశాడు. ఇంకా ఆ మొహమేమిటి?"

లక్ష్మీపతి ఫోన్ వెనక్కి తీసుకుని మళ్ళీ చూశాడు.

"గారు అన్నాడే," అన్నాడు.