యాభైరెండు కిలోల బావ

మా బావ బరువు ముప్ఫై ఏళ్లపాటు యాభైరెండు కిలోలు. యాభైరెండున్నర కాదు, యాభైఒకటీ ముప్పావు కాదు. ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం మా పని. మా ఇద్దరిదీ కాటాలు బాగుచేసే షాపు. గోదాముల్లో నేలమీద పరిచిన పెద్ద కాటా దగ్గర్నుంచి మందుల షాపులో అరచేతంత కాటా దాకా, అది నిజం చెబుతోందో లేదో చూడటం, చెప్పకపోతే విప్పి దారిలో పెట్టడం మా వంతు. మనిషి ఎక్కగలిగే కాటా అయితే, ముందు బావ చెప్పులు విడిచి తనే ఎక్కేవాడు. యాభైరెండు చూపిస్తే "పర్లేదు, బుద్ధిగానే ఉంది" అనేవాడు. యాభైమూడు చూపిస్తే "దొంగ వెధవ" అని దిగేవాడు. ఆ తర్వాతే ఇరవై కిలోల ఇనప రాళ్లు మోసుకొచ్చి అసలు పరీక్ష మొదలుపెట్టేవాళ్లం. మార్కెట్లో ఆయన అసలు పేరు ఎవరికీ తెలీదు. "యాభైరెండు వచ్చాడు" అనేవాళ్లు.

నేను ఆయన భార్యకి తమ్ముణ్ణి. నా బరువు సంగతి అడక్కండి. బావ నాకు పెట్టిన పేరు బస్తా. "ఒరేయ్ బస్తా, నువ్వు మాత్రం ఎక్కకు. బాగుచేసింది మళ్లీ చెడుతుంది" అని నలుగురిలో అనేవాడు. నేనూ తక్కువ తినలేదు. "ఫ్యాను ఆపండి బాబూ, మా బావ లోపలికొస్తున్నాడు" అనేవాణ్ణి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా నాకు చీవాట్లు, ఆయనకి మెచ్చుకోళ్లు. "మీ బావగారిని చూసి నేర్చుకోవయ్యా" అన్నాడొక డాక్టరు నాతో. అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇప్పుడూ మండుతోంది, వేరే కారణానికి. సన్నగా ఉన్నాడు కాబట్టి బాగున్నాడని అన్నారే తప్ప, ఆయన కాళ్లు ఎలా ఉన్నాయో ఒక్కడూ పట్టి చూడలేదు.

బావ తిండి పిచ్చుక తిండి. పొద్దున టీలో రెండు రొట్టెముక్కలు, మధ్యాహ్నం నాలుగు మెతుకులు, సాయంత్రం మళ్లీ టీ. అక్క గుడ్డు ఉడకబెట్టి ఎదురుగా పెడితే నా పళ్లెంలోకి తోసేవాడు. "నాకు తిన్నా ఒంటికి పట్టదే. పట్టేవాడికి పెట్టు" అనేవాడు. ఆ గుడ్లన్నీ నేనే తిన్నాను. ఎన్ని తిన్నానో తలచుకుంటే ఇవాళ సిగ్గేస్తుంది.

ఆయన ఒంట్లో కాస్తో కూస్తో కండ నిలబడిందంటే ఆ ఇనప రాళ్ల చలవే. రోజుకి పది పన్నెండు రాళ్లు వ్యానులోంచి దించి, కాటా మీదికి ఎత్తి, మళ్లీ వ్యానులో పెట్టేవాడు. ఆరేళ్ల కిందట నా నడుము పట్టేసింది. రాళ్లు నెట్టుకెళ్లడానికి నాలుగు చక్రాల బండి కొన్నాను. బావ మొదట నవ్వాడు, తర్వాత అలవాటు పడ్డాడు. నా నడుము బాగుపడింది. ఆయన కాళ్లకీ చేతులకీ ఉన్న ఒక్క పనీ పోయింది. ఆ ముక్క అప్పుడు ఎవరికీ తట్టలేదు, నాకు అసలే తట్టలేదు.

ఒకరోజు ఉల్లిపాయల గోదాములో బండి మీదినుంచి కాటా మీదికి, అంటే జానెడు ఎత్తు, రాయి ఎత్తబోయి కూలబడ్డాడు. రాయి పక్కన పడింది, అదృష్టం. లేవబోయాడు, లేవలేకపోయాడు. నేల మీద చేతులు ఊని, పక్కకి తిరిగి, మళ్లీ ఊని, చివరికి నా వంక చూశాడు. చంకల్లో చేతులేసి లేపాను. "కాలు జారిందిరా" అన్నాడు. నేల పొడిగా ఉంది.

ఇంటికెళ్లి చెబితే అక్క ఆశ్చర్యపోలేదు. "ఏడాది నుంచీ బల్ల పట్టుకుంటే గానీ కుర్చీలోంచి లేవడం లేదురా. ప్యాంటు తొడల దగ్గర వేలాడుతోంది, పొట్ట దగ్గరేమో బొత్తాం పట్టడం లేదు. అడిగితే కసురుకుంటారు" అంది. మర్నాడు బతిమాలీ బెదిరించీ ఆయన్ని ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరికి తీసుకెళ్లాం.

ఆ అమ్మాయి కాటా జోలికి పోలేదు. రెండు చేతుల బొటనవేళ్లూ చూపుడువేళ్లూ కలిపి బావ పిక్క చుట్టూ పట్టుకుంది. వేళ్లు కలిశాయి, లోపల ఇంకా ఖాళీ మిగిలింది. తర్వాత చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోమంది. రెండుసార్లు లేచాడు. మూడోసారి కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు.

"నా బరువు యాభైరెండమ్మా. ముప్ఫై ఏళ్లుగా అంతే" అన్నాడు బావ.

"నిజమే బాబాయిగారూ. కండ పోయింది, ఆ మేరకి కొవ్వొచ్చింది. కాటాకి రెండూ ఒకటే" అంది ఆ అమ్మాయి. "పుట్టుకతో సన్నగా ఉన్నవాళ్లకి నిలవే తక్కువ. ఏడాదికింత చొప్పున కరుగుతుంటే తొందరగా అడుగంటుతుంది. పూటకో గుడ్డో, పప్పో, పెరుగో, చేపో కడుపులో పడాలి. వారానికి మూడు రోజులైనా కండకి కష్టం తగలాలి. ఉత్తి తిండితో రాదు, ఉత్తి కష్టంతోనూ రాదు. చేతులు పట్టుకోకుండా అయిదుసార్లు లేచిన రోజున మళ్లీ షాపుకి వెళ్లండి. అప్పటిదాకా ఇనుము ముట్టుకోవద్దు."

అక్కణ్ణుంచి బావ తిన్నగా షాపుకే వెళ్లాడు. కాటా ఎక్కాడు. యాభైరెండు. దిగి దాన్ని విప్పాడు, తుడిచాడు, మళ్లీ బిగించాడు. నా చేత ఒక్కొక్క రాయీ పెట్టించాడు. ఇరవై, నలభై, అరవై. ఒక్క గ్రాము తేడా లేదు. మళ్లీ ఎక్కాడు. యాభైరెండు.

"చూశావా? ఆ పిల్ల వేళ్లతో కొలిచిందిరా. వేళ్లతో కొలిచేవాళ్ల మాట మనం వినాలా?" అన్నాడు.

నేను తల ఊపాను. చేత్తో ఎత్తి బరువు చెప్పేవాళ్లని చూసి ముప్ఫై ఏళ్లు నవ్విన మనుషులం మేము. బావ సంగతి మరీను. పది గ్రాములే కదా, చూసీ చూడనట్టు వదిలెయ్యమని ఒక వ్యాపారి అడిగితే, పెట్టె భుజానేసుకుని వచ్చేశాడు, మళ్లీ ఆ గడప తొక్కలేదు. అలాంటివాడికి కాటా చెప్పింది నిజం, మిగతాదంతా కబుర్లు. నాకూ అంతే. ఆ రోజు నేను అడ్డం తిరిగి నాలుగు తిట్టుంటే వినేవాడేమో. నా మాట అప్పుడప్పుడూ వినేవాడు.

పద్నాలుగు నెలలు అలాగే గడిచిపోయాయి. ఇంతలో ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి పది రోజులు ఆసుపత్రి మంచానికి అతుక్కుపోయాడు. జబ్బు తగ్గింది. ఇంటికి తెచ్చిన మర్నాడే బాత్రూంలో కూర్చున్నవాడు లేవలేక అక్కని పిలిచాడు. అక్క లేపలేక నన్ను పిలిచింది. నేను వెళ్లేసరికి తలుపుకేసి చూడకుండా గోడవైపు తిరిగి ఉన్నాడు. ఎత్తుకుని తెచ్చి మంచం మీద కూర్చోబెట్టాను. నన్ను బస్తా అనలేదు.

ఈసారి ఆ అమ్మాయే ఇంటికొచ్చింది. బావ తనంతట తనే అడిగాడు. "నువ్వు చెప్పిన రోజే మొదలుపెట్టుంటే?"

ఆ అమ్మాయి మా అక్క మొహం చూసింది, నా మొహం చూసింది. "ఈపాటికి షాపులో ఉండేవారు బాబాయిగారూ" అంది.

"ఇప్పుడు?"

"ఇప్పుడూ చెయ్యాలి. మానేస్తే ఉన్నది కూడా పోతుంది. అయిదు మాత్రం మర్చిపోకండి."

బావ మొండితనమంతా ఇప్పుడు ఇటు తిరిగింది, తిరగాల్సిన కాలం దాటాక. ఆకలి చచ్చిపోయిన మనిషి కళ్ల నీళ్లు పెట్టుకుంటూ గుడ్డు మింగేవాడు. నీళ్ల సీసాలు రెండు చేతుల్తో ఎత్తేవాడు. కుర్చీ గోడకి ఆనించి రోజూ పొద్దున్నే లేవడం, కూర్చోవడం. అక్క లెక్కపెట్టేది. షాపు తెరవబోయే ముందు నేనూ వెళ్లి కూర్చునేవాణ్ణి. మూడు వారాలకి ఒకటి. రెండు నెలలకి రెండు, ఆ తర్వాత మూడు. నాలుగు వచ్చిన రోజు అక్క వీధి తలుపు దాకా వచ్చి నన్ను సాగనంపింది, చాలా రోజుల తర్వాత నవ్వింది. "అయిదైతే నీ పక్కన కూర్చుంటారురా. రాళ్లు నువ్వే మోద్దువుగాని, కాటా ఆయన చూసుకుంటారు" అంది.

అక్కడే ఆగిపోయింది. ఆర్నెల్లుగా నాలుగే. కొన్ని రోజులు మూడే. ఆ అమ్మాయి వచ్చి, తిండి చూసి, కాళ్లు పట్టి చూసి, "నిలబెట్టుకుంటున్నారు, అదే గొప్ప" అని వెళ్లిపోయింది. గొప్పేమిటో నాకు అర్థం కాలేదు. ఆయనకి కావాల్సింది నిలబెట్టుకోవడం కాదు, షాపు.

నిన్న పొద్దున నేను వెళ్లేసరికి అప్పుడే మొదలుపెట్టారు. ఒకటి. రెండు. మూడు. నాలుగోసారి లేస్తుంటే మోకాళ్లు వణికిపోయాయి, అయినా నిలబడ్డాడు, కూర్చున్నాడు. కాసేపు ఊపిరి పీల్చుకుని మళ్లీ ముందుకి వంగాడు. కుర్చీలోంచి రెండంగుళాలు పైకి లేచాడు. అలాగే వెనక్కి పడిపోయాడు.

"అయిదు" అంది అక్క.

నేను ఆవిడ వంక చూశాను. ఆవిడ నా వంక చూడలేదు. ముప్ఫై ఏళ్లు గ్రాము తేడా వస్తే ఒప్పుకోని మనిషి, ఒక్క క్షణం నేల వంక చూశాడు. తర్వాత తువ్వాలు తీసుకుని మొహం తుడుచుకున్నాడు.

"ఆఁ, అయిదే" అన్నాడు.

అయిదైతే షాపుకి రావాలి. రమ్మని నేను అనలేదు. వస్తానని ఆయనా అనలేదు.