విదియనాటి తనిఖీ

చౌడప్ప గారు రోజూ పొద్దున ముఖం కడుక్కోగానే, కాఫీకంటే ముందు పంచాంగం చేతికి తీసుకుంటారు. తిథి చూడనిదే గడప దాటరు. అమావాస్యనాడు బండి కట్టించరు, పాడ్యమినాడూ కట్టించరు. విదియ వస్తేనే ప్రయాణం.

"మన ఎద్దులకంటే మీకే సెలవులు ఎక్కువుండాయి" అని భార్య అలివేలమ్మ ఎగతాళి చేసేది.

ఆయనది పెనుకొండ దగ్గర పల్లె. తాతలనాటి మెట్టభూమి, వేరుశనగ సేద్యం. 1930లో పిల్లల బళ్ళను చూసుకునే స్థానిక బోర్డులో సభ్యులయ్యారు. ఆ పని ఆయనకు నిజంగా ఇష్టం. ఎండనక, దుమ్మనక గోరంట్ల దాకా, గుడిబండ దాకా బండిలో తిరిగేవారు. పిల్లల చేత ఎక్కాలు చెప్పించుకుని, తప్పు లేకుండా చెప్పినవాళ్ళకు సంచిలోంచి బొరుగుల ఉండ తీసి ఇచ్చేవారు. చౌడప్ప గారు వస్తున్నారంటే అయ్యవార్లు తలపాగాలు సర్దుకునేవారు.

1932లో ధరలు పడిపోయి బోర్డుకు రాబడి తగ్గింది. పిల్లలు రాని బళ్ళు మూసేయాలని తీర్మానించారు. ఏది ఉంచాలో, ఏది మూయాలో చూసి రాయడం చౌడప్ప గారి వంతు. ధర్మవరం నేతవీధి బడికి ఫలానా రోజు వస్తానని కబురు పంపారు. తీరా పంచాంగం చూస్తే ఆ రోజు అమావాస్య. రెండు రోజులు ఆగి, విదియనాడు వెళ్ళారు.

బడిలో ముగ్గురు పిల్లలున్నారు. వెంకటేశులు అయ్యవారు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"మొన్న అమావాస్యనాడు వచ్చింటే ముప్పై ఒక్కరూ ఉండిరి సార్. తలకు నూనె పెట్టుకొని సాయంత్రం దాకా మీ కోసం కాచుకోనుండిరి."

"మొన్న ఉన్నోళ్ళు ఈ పొద్దు యాడికి పోయిరి?"

"ఈ పొద్దు విదియ కదా సార్, వీధిలో..."

చౌడప్ప గారు చెయ్యెత్తి ఆపేశారు. సాకులు ఆయన చాలా విని ఉన్నారు. విజిటర్స్ బుక్కు అడిగి రాశారు: 'హాజరు ముగ్గురు. ఈ వీధివారికి చదువు మీద ఆసక్తి లేదు. బడి అనవసరం.' కింద సంతకం చేశారు.

తిరిగి వెళుతుంటే బండికి దారి లేదు. వీధి పొడుగునా మగ్గం మీదికెక్కే పట్టు పడుగు చాచి ఉంది, చిలకపచ్చ రంగు. దానికి రెండు వైపులా పిల్లలు వరసగా కూర్చుని, తెగిన పోగులు వెతికి అతుకుతున్నారు. సన్నని వేళ్ళకే అందే పని అది. ఎండ ముదరకముందే అయిపోవాలి. మగ్గాలు అమావాస్యనాడు ఆగుతాయి. అది దాటిన విదియనాడు మంచిరోజని కొత్త పడుగు చాస్తారు. నెలకు ఆ ఒక్క పూటే పిల్లలు బడి మానేది. వేరుశనగ పీకే రోజులైతే చౌడప్ప గారు అడగకుండానే అర్థం చేసుకునేవారు. మగ్గం సంగతి ఆయనకు తెలియదు. తెలుసుకోవాలనీ తోచలేదు. రంగు బాగుందనుకుంటూ బండి వెనక్కి తిప్పించారు.

బడి మూతపడింది. వెంకటేశులు హిందూపురం వెళ్ళి బెల్లం మండీలో కాటా దగ్గర పనికి కుదిరాడు.

1937లో చౌడప్ప గారు మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. మరుసటి ఏడు 'పల్లెకొక బడి' అని సభలో నలభై నిమిషాలు మాట్లాడారు. పత్రికలో వచ్చిన ఆ ముక్క కత్తిరించి పంచాంగంలో దాచుకున్నారు. 1946లో మళ్ళీ గెలిచారు.

ఆ వేసవిలో మద్రాసు వెళుతూ, ధర్మవరం స్టేషనులో పాకాల రైలుబండి కోసం కూర్చుని ఉండగా నేతవీధివాళ్ళు పదిమంది వచ్చారు. ముందు యల్లక్క అనే ముసలామె, ఆమె పక్కన చంటిబిడ్డను ఎత్తుకుని మనవరాలు నరసక్క. తమ వీధికి బడి కావాలని అర్జీ. కింద ఇరవై ఎనిమిది వేలిముద్రలు.

"ఏమమ్మా, అన్నీ వేలిముద్రలేనా? సంతకం చేసేవాళ్ళు ఒక్కరూ లేరా?" అని చౌడప్ప గారు నవ్వారు.

"యాడ నేర్చుకుంటాం సామీ?" అంది నరసక్క. "మేము ట, ఠ, డ కాడ ఉన్నెప్పుడు బడి మూసేసిరి. నా పేర్లో కడాకు వచ్చే 'క' ఒక్కటే నాకొచ్చు."

యల్లక్క అందుకుంది. "ఎవడో బోర్డు దొర వచ్చెనంట. సరిగ్గా మేము పడుగు చాచే విదియ చూసుకొని వచ్చి, పిల్లోళ్ళు లేరని రాసిపాయె. వాని చెయ్యి పడిపోనూ!"

అందరూ నవ్వారు. అర్జీ చౌడప్ప గారి కుడిచేతిలోనే ఉంది. వాళ్ళ వెనుక నెరిసిన తలతో ఒకాయన నేల చూస్తూ నిలబడి ఉన్నాడు. అర్జీలోని దస్తూరీ ఆయనదే, హిందూపురం నుంచి వచ్చి రాసిపెట్టాడు. వెంకటేశులు.

"పాత మాటలు ఇప్పుడెందుకులే అవ్వా" అన్నాడాయన.

వాళ్ళు వెళ్ళాక వెంకటేశులు తువ్వాలు విప్పి, పాత విజిటర్స్ బుక్కు బల్ల మీద పెట్టాడు.

"బడి మూసినప్పుడు దీన్ని అడిగినోళ్ళు లేరు సార్. మీ కాడనే ఉండనీండి."

"నువ్వు వాళ్ళకు చెప్పలేదా?"

"వీధిలో ఓటుండే పదకొండు మందీ మీకే వేసినారు. చెప్పింటే వేయరు. మీరు గెలవకుంటే మేము బడి ఎవర్ని అడగాల?"

చౌడప్ప గారు ఆ ప్రయాణంలో తాను రాసిన పేజీ చదవలేకపోయారు. సంతకం మాత్రం చూశారు. చాలా అందంగా ఉంది.

మరుసటి ఏడు బడి వచ్చింది. ప్రారంభానికి ఆయన పంచాంగం చూడలేదు. మీకు పని లేని రోజు చెప్పండని వీధివాళ్ళనే అడిగారు. అమావాస్య అన్నారు. జీవితంలో మొదటిసారి అమావాస్యనాడు బయలుదేరారు. నలభై ముగ్గురు పిల్లలు తలకు నూనె పెట్టుకుని కూర్చున్నారు. ఆయన మెడలో పూలదండ వేశారు. చెప్పేయాలనే వచ్చారాయన.

"ఈ బడి పదిహేనేళ్ళు మూతపడి ఉండింది" అని మొదలుపెట్టారు. "దాన్ని మూయించింది..."

మెడలో దండ సర్దుకున్నారు. ముందు వరసలోంచి యల్లక్క అరిచింది: "ఆ పాపిష్టోని పేరు ఈ పొద్దెందుకు సామీ, వదిలేయండి!"

జనం నవ్వారు. చౌడప్ప గారూ నవ్వారు. కుర్చీలో కూర్చున్నారు. చివర నిలబడిన వెంకటేశులు ఒక్కడే నవ్వలేదు.

ఇంటికి వచ్చాక భార్యకు అంతా చెప్పారు. చివర, "వాళ్ళతో కలిసి నేనూ నవ్వితిని అలివేలూ" అన్నారు. ఆమె ఆ రోజు ఎగతాళి చేయలేదు.

ఇది జరిగి రెండేళ్ళు. చౌడప్ప గారు ఇప్పటికీ శాసనసభ సభ్యులే. మద్రాసు వెళ్ళాలంటే ధర్మవరంలో బండి మారాలి, మూడు గంటలు ఆగాలి. ఆ మూడు గంటలూ ఆయన ప్లాట్‌ఫారం మీదే కూర్చుంటారు. నేతవీధి బడి స్టేషనుకు పావుమైలు.